ఎర్ర మొలతాడు పెద్దదానిది

మగ్గాల మధ్య నడుచుకుంటూ పోతూనే బట్టలో తెగిన పోగును పట్టేస్తాను. గొప్ప కోసం చెప్పడం లేదు, సూరత్ పక్కన సచిన్‌లో మా మగ్గాల కార్ఖానా సేఠ్‌ను అడిగినా ఇదే మాట చెబుతాడు. అలాంటి కళ్లున్న నేను నా సొంత బిడ్డలిద్దరినీ, మా ఇంట్లోనే, పట్టపగలు ఎవరు ఎవరో తెలియకుండా కలిపేసుకున్నాను. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నాకు మాట తప్పిపోతుంది.

కరోనా రెండో ఏడాది. మగ్గాలు బందయ్యాయి. లింబాయత్‌లో మా గల్లీ మగాళ్లందరమూ ఇళ్లలోనే పడి ఉన్నాం. వైరస్ కన్నా మమ్మల్ని చూసే ఆడవాళ్లు ఎక్కువ భయపడ్డారు.

అప్పటికి మాకు కవలలు పుట్టి రెండు నెలలు దాటింది. ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దది సహస్ర, చిన్నది మనస్వి. ఇద్దరికీ మధ్య ఒక చాయ్ చల్లారేంత తేడా. పక్కపక్కన పడుకోబెడితే ఒకే బట్ట మీద ఒకే డిజైను రెండుసార్లు అచ్చు వేసినట్టుండేవాళ్లు.

నా భార్య పేరు సుభాషిణి. సుభాషిణి అంటే తియ్యగా మాట్లాడేదని అర్థమట. ఆ పేరు పెట్టిన రోజు మా మామగారికి అల్లుడు వస్తాడనే ఆలోచన ఉన్నట్టు లేదు. ఆమె పెద్దదానికి ఎర్ర మొలతాడు, చిన్నదానికి నల్ల మొలతాడు కట్టింది. "ఎర్రది పెద్దది, నల్లది చిన్నది" అని నేను బడి పిల్లవాడిలా వల్లించుకుని గుర్తు పెట్టుకున్నాను.

ఆ వారం పిల్లలకు టీకాలు వేయించాలి. బుధవారం మునిసిపాలిటీ ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోతే పెద్దదానికి సూది వేశారు. చిన్నదానికి ఒళ్లు వెచ్చగా ఉందని వెనక్కి పంపారు. వచ్చే బుధవారం దాన్ని ఒక్కదాన్నే తెమ్మన్నారు. ఈ ముక్క గుర్తుంచుకోండి, నా కొంప ముంచింది ఇదే.

శనివారం పొద్దున సుభాషిణి వాళ్ల అమ్మకు బాగాలేదని కడోదరా బయలుదేరింది. ఆటోలో పోయి ఆటోలో రావడమే.

"రెండు గంటల్ల వస్త. పాలు గిన్నెల పెట్టిన. నీళ్లు మాత్రం పొయ్యకు. నేనొచ్చి పోస్త," అంది.

"ఎందుకు పొయ్యొద్దు? డజను మగ్గాలు ఒక్కన్ని నడిపేటోన్ని. ఇద్దరు పిల్లలు నాకో లెక్కనా?"

"మగ్గాలకు బందు చేసే బటన్ ఉంటది," అని చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆమె తిరిగొచ్చేసరికి ఇద్దరికీ స్నానం చేయించి, పౌడరు రాసి, బొట్టు పెట్టి, బొమ్మల్లా పడుకోబెట్టి చూపించాలని నిర్ణయించుకున్నాను.

కాళ్లు చాపుకుని కూర్చుని ఇద్దరికీ నీళ్లు పోశాను. ఒకరి తర్వాత ఒకరికి, చక్కగా, చెవుల్లో నీళ్లు పోకుండా. అంతవరకు సుభాషిణి కూడా నాకు వంక పెట్టలేదు. ఒళ్లు తుడుస్తుంటే మొలతాళ్ల మీద కన్ను పడింది. బజారు దారం. తడిసి పోగులు లేచి, పురి వదిలి, రేపో మాపో తెగేలా ఉన్నాయి రెండూ.

పోగు లేచిన దారాన్ని చూసి ఊరుకోవడం మా ఇంటా వంటా లేదు. తాతల నాటి నుంచి నేతగాళ్లం. నా బిడ్డల నడుముకు బజారు దారమా? కార్ఖానా నుంచి తెచ్చుకున్న పాలియెస్టర్ దారం కండె ఒకటి ఇంట్లో ఉంది. ఎనిమిది పోగులు కలిపి తొడ మీద పురి పెట్టాను. ఏనుగును కట్టినా తెగని దారం తయారైంది. తడిసిన పాత ముడులు రాకపోతే కత్తెరతో రెండూ కత్తిరించి బకెట్‌లో పడేశాను. కొత్తవి ఇద్దరికీ కట్టాను. ముడి అంటే మా నేత ముడి, వేలితో తడిమినా తెలియదు. ఇద్దరినీ మంచం మీద పడుకోబెట్టి, పౌడరు డబ్బా తెచ్చి, వాళ్లను అటు దొర్లించి ఇటు దొర్లించి రాసి, వెనక్కి జరిగి నా పనితనం చూసుకుని మురిసిపోయాను.

ఇద్దరి నడుముకూ తెల్ల దారం. మిలమిలా మెరుస్తోంది.

అప్పుడు నా బుర్రలో మగ్గం ఆగిపోయింది. ఇందులో ఎర్రది ఎవరు?

ఎడమవైపున్నది పెద్దదనుకున్నాను. కానీ పౌడరు రాసేటప్పుడు ఎడమదాన్ని కుడికి దొర్లించానా, కుడిదాన్నే దొర్లించానా? "సహస్రా" అని పిలిచాను. ఇద్దరూ చూశారు. "మనస్వీ" అన్నాను. ఇద్దరూ ఆవలించారు.

పెద్దదానికి వేసిన సూది గుర్తు కోసం తొడలు వెతికాను. పట్టు బట్టలాంటి తొడలు, చుక్క మచ్చ లేదు. ఫోన్‌లో ఫోటోలు చూశాను. ప్రతి ఫోటోలోనూ ఇద్దరూ గుడ్డల్లో చుట్టి ఉన్నారు, బుగ్గన బొత్తామంత దిష్టి చుక్క. అసలు ఆ ఫోటోల్లోనే ఎవరు ఎవరో నాకు తెలిసి చావలేదు.

ఆటో చప్పుడు ఎప్పుడు వినపడుతుందో తెలియదు. బకెట్‌లోంచి ఎర్ర దారం, నల్ల దారం ఏరి, పిండి, తెగిన చోట నేత ముడులు వేసి అతికించాను. కొంచెం బొద్దుగా కనపడ్డది పెద్దదై ఉంటుందని దానికి ఎర్రది కట్టాను. రెండోదానికి నల్లది. తెల్ల దారాలు బియ్యం డబ్బా వెనకకు పోయాయి.

సుభాషిణి వచ్చింది. చేతులు కడుక్కుని పిల్లల దగ్గరికి పోయింది. ఒకదాని చొక్కా ఎత్తి చూసింది. రెండోదాని చొక్కా ఎత్తి చూసింది. తర్వాత నన్ను చూసింది.

"నీళ్లు పోసినవా?"

"పోసిన."

"ఇద్దరికీ?"

"ఇద్దరికీ."

"మంచిగనే పోసినవ్," అని వంటింట్లోకి పోయింది. నేను ఊపిరి వదిలాను. ఇంత తేలిగ్గా గండం గడుస్తుందని అనుకోలేదు.

గడవలేదని మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాక తెలిసింది. బుధవారం చిన్నదాన్ని తీసుకుపోవాలి. నల్ల దారం ఉన్నది నిజంగా చిన్నదేనా? కాకపోతే ఒకదానికే రెండుసార్లు సూది పడుతుంది, రెండోదానికి ఒక్కసారీ పడదు. కంచం పక్కకు జరిపేశాను.

నిజం చెప్పేస్తే సరిపోయేది కదా అంటారు మీరు. మీకు సుభాషిణి సంగతి తెలియదు. చెబితే ఆ మాట నా ముసలితనం దాకా వెంటపడుతుంది. అందుకే ముందు నేనే కనిపెట్టాలని పథకం వేశాను. మొదట మా కార్ఖానాలో మగ్గాలు బాగుచేసే దేవదాస్ దగ్గరికి పోయాను. ప్రతి మాటకూ గ్యారెంటీ ఇస్తాడు కాబట్టి అతన్ని అందరం గ్యారెంటీ దేవదాస్ అంటాం.

"కవలలంటె ఒకటే పానం, రెండు పెయిలు," అన్నాడు దేవదాస్. "నీ పెండ్లాం జంట అరటిపండు తిని ఉంటది, గ్యారెంటీ. ఇగ ఒకదాన్ని గిచ్చి చూడు. రెండోది ఏడుస్తది."

"ఏడిస్తె?"

"ఏడిస్తె కవలలన్నట్టు."

"కవలలని నాకు ఎర్కనే. ఎవరు పెద్దదో, ఎవరు చిన్నదో ఎట్ల తెలుస్తదన్నా?"

"దానికి గ్యారెంటీ లేదు," అని మాస్కు సర్దుకున్నాడు.

అయినా ఇంటికి పోయి ఒకదాని అరికాలు కొంచెం గిచ్చాను. అది గల్లీ అదిరేలా ఏడ్చింది. రెండోది హాయిగా నిద్రపోయింది. సుభాషిణి పరుగెత్తుకొచ్చింది.

"ఎందుకేడుస్తుంది?"

"నా మొఖం జూసి."

"ఇన్నొద్దులకు తెలివొచ్చింది బిడ్డకు," అని ఎత్తుకుపోయింది.

ఇక చదువుకున్నవాళ్లనే అడగాలి. మా గల్లీ చివరింట్లో సంధ్యారాణి ఉంటుంది. సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగులో మొదలుపెట్టి, హిందీలో మలుపు తిరిగి, గుజరాతీలో దిగుతుంది. ఇప్పుడు టీకాలు వేసే నర్సు. అంతకు ముందు కాన్పుల ఆసుపత్రిలో పనిచేసింది, మా పిల్లలు పుట్టినప్పుడు అక్కడే ఉంది. వాళ్ల గేటు బయట నిలబడి, ఏదో ఊరికే తెలుసుకుందామని వచ్చినట్టు మొఖం పెట్టాను.

"సంధ్యా, కవలలు ఎట్లయితరమ్మా? జంట అరటిపండు తింటెనా?"

సంధ్యారాణి పడీపడీ నవ్వింది. "అట్లయితె అరటిపండ్ల బండాయనకు ఎంతమంది పుట్టాలె అన్నా? జువో, చూడు, కవలలు రెండు రకాలు. ఆడమనిషికి నెలకు ఒక్క అండమే విడుదలయితది. ఒక్కోసారి రెండొస్తయి. రెండిట్ల రెండు బీజాలు కలుస్తయి. వాళ్లు పేరుకే కవలలు. అసలుకు మామూలు అక్కచెల్లెండ్లే, అన్నదమ్ములే. ఒకటే బస్సుల వచ్చిన్రు, టికెట్లు వేరే వేరే. ఒకరు ఆడ, ఒకరు మగ గూడ కావచ్చు."

"ఇంకో రకం?"

"అండం ఒకటే, బీజం ఒకటే. కలిసినంక కొద్ది దినాలల్ల అది మధ్యల చీలి రెండయితది. ఏక్ టికెట్, దో పాసింజర్. వాళ్లు అచ్చం ఒక్కతీరు ఉంటరు. ఇద్దరూ ఆడనే, లేకుంటె ఇద్దరూ మగనే."

"ఎందుకు చీలుతది?"

"పక్కా ఎవ్వలకు తెల్వదు అన్నా. మా డాక్టర్ మేడమ్‌ను గూడ అడిగిన. అవుతది అంతే అన్నది."

నేను గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎవరూ కత్తెర పెట్టకుండా, ఎవరూ చెప్పకుండా, కంటికి కనపడనంత చుక్క తనంతట తాను రెండు మనుషులు కావడం ఏమిటి! నాకు అర్థమైన భాషలో చెప్పుకుంటే, రెండు మగ్గాల మీద ఒకే రోజు దిగిన రెండు తానులు మొదటి రకం. ఒకే తానును మధ్యకు కోస్తే వచ్చిన రెండు ముక్కలు రెండో రకం. నేను వచ్చిన పనే మరిచిపోయి ఇంకా ఇంకా అడిగాను.

ఆ చీలడంలోనూ మళ్లీ రకాలున్నాయట. వెంటనే చీలితే ఎవరి ఉమ్మనీటి సంచీ వాళ్లకు, ఎవరి మాయ వాళ్లకు. మాయ అంటే కాన్పు తర్వాత పడేది, బిడ్డకు తిండి అందించేది. కొన్నాళ్లు ఆగి చీలితే సంచీలు వేరు, మాయ మాత్రం ఒకటే. ఇంకా ఆలస్యమైతే ఒకే సంచీలో ఇద్దరూ. మరీ ఆలస్యమైతే పూర్తిగా విడిపోకుండా అతుక్కునే పుడతారట. అచ్చం ఒకేలా ఉన్నవాళ్లకైనా వేలిముద్రలు వేరుగా ఉంటాయట. కొందరైతే అద్దంలో బొమ్మల్లా, ఒకరికి తలలో సుడి కుడికి తిరిగితే ఇంకొకరికి ఎడమకు తిరుగుతుందట.

"మరి మావోళ్లు ఏ రకం?"

"రెండు మాయలు పడినయ్. నేనే చూసిన."

"అంటె రెండు అండాలు!"

"నా, నా, కాదు. ఒకటే అండం జల్ది చీలినా రెండు మాయలే. ఇద్దరూ ఆడపిల్లలాయె. ఖూన్ పరీక్ష, అదే రక్తం పరీక్ష, చేయించు. గ్రూపు వేరయితె రెండు అండాలు, అది పక్కా. ఒకటే గ్రూపయితె మళ్ల చెప్పరాదు, పెద్ద పరీక్ష కావాలె."

"ఇది ఎవలి వంశం నుంచి వస్తది?"

"రెండు అండాలయితె తల్లి దిక్కు నుంచి రావచ్చు. చీలినయయితె సాధారణంగ ఎవ్వలి వంశం కాదు."

"తండ్రి దిక్కు?"

"నీ దిక్కు నుంచయితె ఏం లేదన్నా," అంది ఎంతో జాలిగా. రెండు నెలలుగా గల్లీలో మీసం మెలేసుకు తిరుగుతున్నవాణ్ని, ఆ సాయంత్రం నుంచి మాస్కు ముక్కు మీదికి లాక్కున్నాను.

పోతూ పోతూ అడిగాను. "ఒక్కదానికే రెండుసార్లు సూది పడితె ఏమన్న అయితదా?"

"పడ్డదానికి పెద్ద ముప్పు ఉండకపోవచ్చు. పడనిదాని సంగతేంది? దానికి కోరింత దగ్గు పట్టుకుంటె? ఈ కరోనాల దగ్గే పిల్లను ఏ దవాఖాన లోపటికి రానిస్తది?" ఆగి నా మొఖం చూసింది. "ఎందుకు అడుగుతున్నవ్?"

"ఊరికే."

ఇంటికి తిరిగాను. అప్పటిదాకా భార్య తిడుతుందనే భయం. ఇప్పుడు బిడ్డకేమవుతుందోనని భయం. మొదటిది నాకు అలవాటే. రెండోది అలవాటు లేదు.

ఆదివారం, సోమవారం నేను పిల్లల్ని వదిలితే ఒట్టు. ఒకర్ని ఒళ్లో, ఒకర్ని భుజాన వేసుకుని గోళ్ల దగ్గర నుంచి కనుబొమల దాకా బట్టను పరీక్ష చేసినట్టు చూశాను. చివరికి దొరికింది! ఒకదానికి నడినెత్తి మీద సుడి కుడికి తిరిగింది. రెండోదానికి ఎడమకు. అద్దంలో బొమ్మలు! లేదా రెండు అండాలు. ఏదైతేనేం, తేడా ఉంది. ఆనందం పట్టలేక మంచం మీద నుంచి లేచి గెంతాను.

గెంతి నేల మీదికి దిగాక బుర్ర పనిచేసింది. తేడా దొరికింది సరే. కుడి సుడి పెద్దదానిదా, చిన్నదానిదా? అది తెలియాలంటే ముందు ఎవరు పెద్దదో తెలియాలి. ఎవరు పెద్దదో తెలిస్తే ఈ సుడితో నాకేం పని? ఇంకా వంద తేడాలు వెతికినా వందా ఇంతే. ఏ తేడా ఎవరిదో చెప్పగలిగిన మనిషి భూమ్మీద ఒక్కతే ఉంది. ఆ మనిషి వంటింట్లో పప్పు తాళింపు వేస్తోంది.

గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను.

"సుభా, ఊరికే అడుగుతున్న. మన పెద్దదానికి సుడి ఏ దిక్కు తిరుగుతది?"

"నీకెందుకు?"

"సుడిని బట్టి జాతకం చెప్తరట."

"నీ సుడి ఎట్ల తిరిగిందో నాకు పెండ్లినాడే ఎర్కయింది."

"నాది కాదు, పెద్దదానిది చెప్పరాదు?"

"పిల్లల గుడ్డలున్నయ్, ఉతికినాక చెప్త."

ఉతికాను. "ఇప్పుడు చెప్పు."

"ఆరేసినాక."

ఆరేశాను. "ఇప్పుడు?"

"కుడి దిక్కు."

"ఎవలి కుడి? చూసేటోళ్ల కుడి దిక్కా, పిల్ల కుడి దిక్కా?"

"ఆడ గిన్నెలున్నయ్ చూడు, అవి తోమినాక యాదికొస్తది."

గిన్నెలు తోమాక ఆమెకు నిద్రొచ్చింది. మర్నాడు ఇంకో దారిలో పోయాను. "ఇద్దరిట్ల ఎవలు నా తీరు, ఎవలు నీ తీరు?" అన్నాను. "తెలివిగల్లది నా తీరు. అది ఎవలో నువ్వే చూస్కో," అంది. ఇంకేం చూస్కుంటాను? ఇద్దరూ పిడికిలి నోట్లో పెట్టుకోవాలని చూస్తున్నారు.

మంగళవారం సాయంత్రానికి నేను ఇల్లు ఊడ్చాను, పసుపు దంచాను, పరుపు ఎండలో వేశాను, కానీ ఎవరు పెద్దదో తెలియలేదు. బుధవారం పొద్దున సూది పడేలోగా ఎలాగైనా చెప్పేయాలని నిశ్చయించుకున్నాను. నా పరువు పోతే పోనీ, బిడ్డ బతుకు ముఖ్యం. తెల్లారినాక సుభాషిణి, "ఇద్దర్నీ తీస్కపోదాం, ఒక్కదాన్ని ఇంట్ల ఎవలు చూస్తరు," అని రెండోదాన్ని కూడా తయారు చేసింది. ఎర్రదారందాన్ని తను ఎత్తుకుంది. నల్లదారందాన్ని నాకిచ్చింది.

ఆరోగ్య కేంద్రం ముందు టెంటు వేశారు, సున్నంతో గుండ్రాలు గీశారు. లైను గల్లీ దాటి పోయింది. దారిలోనే చెబుదామనుకున్నాను, ఆటోలో డ్రైవర్ ఉన్నాడు. లైనులో చెబుదామనుకున్నాను, "పోయి నీళ్ల సీసా తీస్కరా" అని పంపింది. సీసా తెచ్చేసరికి లైను ముందుకు జరిగింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. లాక్‌డౌన్‌లో అమ్ముడుపోకుండా మిగిలిన చీరల లాటును సేఠ్ మా పనివాళ్ల ఇళ్లకు పంచాడు. చిలకపచ్చ చీర, పసుపు పూలు, అందరికీ ఒకటే డిజైను. ఇన్నాళ్లకు గడప దాటుతున్నామని గల్లీ ఆడవాళ్లు ఆ రోజు అదే కట్టుకుని వచ్చారు. సుభాషిణి కూడా. పైగా అందరి మొఖాలకూ మాస్కులు.

చిలకపచ్చ చీర, భుజాన పసిబిడ్డ. వెనకాలే పోయి నిలబడ్డాను. ధైర్యం పోకముందే చెవి దగ్గరికి వంగాను.

"సుభా, తిరగకు. తిరిగితె నేను చెప్పలేను. శనివారం నీళ్లు పోసినప్పుడు మొలతాళ్లు రెండూ కత్తిరించిన. ఎవలిది ఎవలికి కట్టిన్నో నాకే తెల్వదు. ఎర్రది పెద్దదో, నల్లది పెద్దదో దేవునికెర్క. సూది ఇప్పియ్యకు. నన్ను ఏమన్న అను, ఇంట్లకు రానియ్యకు, కానీ బిడ్డకు తప్పు సూది పడొద్దు."

చిలకపచ్చ చీర వెనక్కి తిరిగింది. మాస్కు మీద రెండు కళ్లు గుండ్రంగా నన్ను చూశాయి. అవి సుభాషిణి కళ్లు కావు. దేవదాస్ భార్య భూదేవివి. మనవణ్ని ఎత్తుకుని చుక్కల మందుకు వచ్చింది.

భూదేవి చెవిన పడిన మాట గల్లీలో అందరికీ చేరాలని రాసిపెట్టి ఉంటుంది.

"ఓ సుభాషిణీ! ఓ చెల్లే! నీ మొగడు పిల్లల్ను తారుమారు చేసిండటనే!"

లైను మొత్తం తిరిగింది. మన తెలుగువాళ్లు పక్కనున్న మరాఠీ ఆవిడకు హిందీలో చెప్పారు. ఆవిడ ఒడియా అతనికి చెప్పింది. అతను వెనక గుజరాతీ ముసలమ్మకు చేతులు తిప్పి చూపించాడు. లైను తోక చేరేసరికి సంగతి ఏమైందంటే, మాస్కు పెట్టుకున్న ఒకడు ఎవరి బిడ్డనో మార్చి ఎత్తుకుపోతున్నాడట.

లైను చూసే హోమ్‌గార్డు వచ్చి నా కాలరు పట్టుకున్నాడు.

"కిస్కా బచ్చా హై?"

"మేరా హై సాబ్."

"నామ్ బోల్ బచ్చే కా."

చూడండి నా గతి. శనివారం నుంచి తిండీ నిద్రా మాని దేనికి జవాబు వెతుకుతున్నానో, సరిగ్గా అదే, బిడ్డ పేరే అడిగాడు.

"సహస్ర..." అన్నాను. అబద్ధమేమోనని భయమేసి 'లేదా' అని చేర్చాను. "యా... మనస్వి."

"యా?" అన్నాడు హోమ్‌గార్డు, కాలరు ఇంకొంచెం బిగించి.

అప్పుడు టెంటు లోపల పసిబిడ్డ కెవ్వుమని ఏడ్చింది. సూది పడిపోయింది. కాలరు వదిలించుకుని, చేతిలో పిల్లతో లోపలికి పరుగెత్తాను, వెనక హోమ్‌గార్డు, వాడి వెనక భూదేవి, ఆమె వెనక సగం లైను. బల్ల దగ్గర సంధ్యారాణి దూది పట్టుకుని నిలబడింది. సుభాషిణి ఒళ్లో ఎర్రదారం పిల్ల ఏడుస్తోంది.

"ఎంత పని చేసినవ్ సుభా! ఎర్రది పెద్దది గదనే!" అని నేనూ ఏడ్చినంత పని చేశాను.

"ఎర్ర మొలతాడు పెద్దదానిదే," అంది సుభాషిణి, బిడ్డ తొడ రుద్దుతూ. "నువ్వు తీస్కపోయి చిన్నదానికి కట్టినవ్. శనివారం ఆటో దిగి లోపటికి రాంగనే చూసిన." హోమ్‌గార్డు వైపు తిరిగింది. "ఛోడో భయ్యా, ఆద్మీ మేరా హై. ఇస్కా నామ్ మనస్వి. ఆయన చేతుల ఉన్నది సహస్ర."

హోమ్‌గార్డు నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, "సంభాలో," అని సుభాషిణికే చెప్పి వెళ్లిపోయాడు. పిల్లల్ని సంభాళించమన్నాడో, నన్నో నాకు తెలియలేదు.

నాకు ప్రాణం లేచొచ్చింది. అక్కడే బల్ల అంచున కూలబడ్డాను. "అంటె... సూది సరైనదానికే పడ్డదా?"

"పడ్డది."

"దారం చూడకుండ నువ్వెట్ల గుర్తు పట్టినవ్?"

"నేను కన్న బిడ్డల్ను గుర్తు పట్టనీకి నాకు దారమెందుకు? ఆ దారాలు నీ కోసం కట్టిన."

సంధ్యారాణి మాస్కు లోపల నవ్వు ఆపుకోలేక సూదుల పెట్టె వైపు తిరిగింది. నాకు రోషం వచ్చింది.

"శనివారమే తెలిస్తె మరి ఇన్నొద్దులు ఎందుకు చెప్పలే?"

"నువ్వెందుకు చెప్పలే?" అంది. "గుడ్డలు ఉతుకుతివి, గిన్నెలు తోముతివి, ఇల్లు ఊడుస్తివి. పొద్దంత పిల్లల్ను ఎత్తుకునే ఉంటివి. పెండ్లయినకాంచి గింత సుఖం ఎన్నడు పడలే. నేనెందుకు ఖరాబు చేస్కోవాలె?"

"ఈయాల చెప్పిన గద! లైనుల నీ వెనకాల నిలబడి అంత చెప్పుకున్న."

"నాకా? భూదేవక్కకా?"

"చీర ఒక్కతీరుగ ఉంటె ఏం జెయ్యాలె?" అన్నాను తలొంచుకుని.

సుభాషిణి మాస్కు కిందికి లాగింది. కోపంగా ఉంటుందనుకున్నాను. కోపం లేదు. అలిసిపోయిన మొఖం, కళ్ల కింద నల్లగా, నిద్రలేని రెండు నెలలు అక్కడే కనపడుతున్నాయి. అవి ఎప్పుడు వచ్చాయో నాకు తెలియదు.

"పిల్లలకు దారం చూస్తవ్. పెండ్లానికి చీర చూస్తవ్," అంది మెల్లగా. "మనిషి మొఖం ఎన్నడు చూస్తవయ్యా?"

బట్టలో ఒక్క పోగు తప్పితే పట్టేసే నా కళ్లను తీసి ఆ బల్ల మీద పెట్టేద్దామనిపించింది. నిజంగానే సిగ్గేసింది. మీ దగ్గర దాచేదేముంది.

బయటికొచ్చి వేపచెట్టు నీడలో కూర్చున్నాం. సుభాషిణి రెండు మొలతాళ్లూ విప్పేసి కొంగున ముడేసుకుంది. నన్ను అటు తిరగమని, ఇద్దరు పిల్లల్నీ అటూ ఇటూ మార్చి నా ఒళ్లో పడుకోబెట్టింది.

"ఇంటికి పొయ్యేదాక చూడు. సుడులు, సూది గుర్తులు కాదు, మొఖాలు చూడు. చూసి ఎవలు ఎవలో చెప్పు. తప్పయితె ఈయాల వంట నీదే."

ఆటోలో దారంతా చూశాను. ఒక అండం చీలి వచ్చారో, రెండు అండాల నుంచి వచ్చారో ఇప్పటికీ నాకు తెలియదు, రక్త పరీక్ష చేయించనే లేదు. కానీ ఆ రోజు మొదటిసారి చూశాను కాబట్టి చెబుతున్నాను, వాళ్లు ఒకేలా లేరు. ఒకతి ఏదైనా కొత్తది కనపడితే ముందు కనుబొమలు ముడుస్తుంది, తర్వాత చూస్తుంది. ఇంకొకతి ముందు నవ్వేస్తుంది, తర్వాత అది ఏమిటో చూస్తుంది. ఇంత పెద్ద తేడా కళ్ల ముందుంటే నేను నెత్తి మీద సుడులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఇల్లు వచ్చేసరికి నాకు ఎంత నమ్మకం కుదిరిందంటే, ఆటో ఆగకముందే చెప్పేశాను.

"కనుబొమలు ముడిచేది పెద్దది. నవ్వేది చిన్నది. సూది పడి ఏడ్చి ఏడ్చి గూడ ఇప్పుడు నవ్వుతుంది చూడు!"

సుభాషిణి ఇద్దరినీ చూసింది. నన్ను చూసింది. ఆటో దిగి, తలుపు తీసి, చేట తెచ్చి నా చేతిలో పెట్టింది.

"బియ్యంల రాళ్లుంటయ్. మంచిగ చూసి ఏరు," అంది.